ఐదో యూనిట్‌లో ఒక్క పేజీ మార్చండి: ఇంజినీరింగ్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల సాంకేతిక విశ్వవిద్యాలయాల్లో మెకానికల్, సివిల్, ఏరోనాటికల్ విభాగాల సిలబస్ తయారుచేసే పెద్దలకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా సిమ్యులేషన్ పని చేస్తున్నాను. కారు బాడీలు, పంపుల బేస్ ఫ్రేములు, కొన్నాళ్లు విమానాల ప్యానెళ్లు. ఏ భాగం ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతుంది, ఎంత లోడు దగ్గర బకిల్ అవుతుంది (ఒక్కసారిగా వంగిపోతుంది) అని లెక్కగట్టి చెప్పడం నా ఉద్యోగం. మీ కాలేజీల నుంచి వచ్చే పిల్లల్ని ఏటా ఇంటర్వ్యూ చేస్తుంటాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా ఒక ఇంటర్వ్యూనే.

ఆ అబ్బాయికి మంచి మార్కులు, మాట కూడా చక్కగా ఉంది. "ఎక్కడా బిగించకుండా గాల్లో వదిలేసిన కారు బాడీకి మోడల్ అనాలిసిస్ చేస్తే మొదటి ఆరు ఫ్రీక్వెన్సీలు దాదాపు సున్నా వస్తాయి. ఎందుకు?" అని అడిగాను. "అవి సాఫ్ట్‌వేర్ ఎర్రర్ సార్. డిలీట్ చేసేసి ఏడో దాని నుంచి రిపోర్టులో పెట్టాలి" అన్నాడు. తడుముకోలేదు కూడా. ట్రైనింగ్ సెంటర్‌లో అలాగే చెప్పారట.

మోడల్ అనాలిసిస్ అంటే ఒక వస్తువు ఏ ఫ్రీక్వెన్సీల దగ్గర ఏ ఆకారాల్లో ఊగుతుందో లెక్కగట్టడం, అలా ఊగే ఒక్కో ఆకారం ఒక మోడ్. వస్తువును ఎక్కడా పట్టుకోకపోతే అది మూడు దిక్కుల్లో జరగగలదు, మూడు అక్షాల చుట్టూ తిరగగలదు. ఈ ఆరు కదలికల్లోనూ ఎక్కడా ఏదీ వంగక్కర్లేదు కాబట్టి వాటికి అడ్డుపడే స్టిఫ్‌నెస్ లేదు, ఫ్రీక్వెన్సీ సున్నా. నా దృష్టిలో ఆ ఆరూ మన కంప్యూటర్ మోడల్‌కి డాక్టరిచ్చే సర్టిఫికెట్. ఏడు వస్తే ఏదో బ్రాకెట్ ఒకే పిన్ను మీద గిర్రున తిరుగుతోందని అర్థం. పన్నెండు వస్తే ఏదో ముక్క అసలు అతుక్కోనే లేదు. ఐదే వస్తే ఎవరో పొరపాటున ఒక నోడ్‌ని (మోడల్‌లోని ఒక బిందువుని) ఒక దిక్కులో నేలకి కట్టేశారు. ఇంత సమాచారం ఇచ్చే ఆరు అంకెల్ని పిల్లలు చెత్తబుట్టలో వేస్తున్నారు.

ఆ అబ్బాయిని తప్పుపట్టను. అతనికి మనం నేర్పింది వేరే.

వస్తువును చిన్న చిన్న ఎలిమెంట్ల మెష్‌గా విడగొట్టి లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ పేపర్ ఉంది కదా, మీ సిలబస్‌లో దానికి ఎప్పుడూ చివరి యూనిట్‌గా వచ్చేది డైనమిక్స్. అందులో పరీక్షకు ఖాయంగా వచ్చే లెక్క ఒకటే: రెండు మెట్ల కడ్డీ ఇచ్చి, కె మాత్రిక (స్టిఫ్‌నెస్), ఎం మాత్రిక (ద్రవ్యరాశి) రాయించి, డిటర్మినెంట్‌ను సున్నాకి సమానం చేసి, వర్గ సమీకరణం సాధించి రెండు సహజ ఫ్రీక్వెన్సీలు కనుక్కోమంటారు. నేనూ అదే రాసి పాసయ్యాను. రెండు బై రెండు మాత్రికకు అది సరిపోతుంది. చిక్కేమిటంటే, ఐగెన్ విలువలు (వీటి వర్గమూలాల నుంచే ఫ్రీక్వెన్సీలు వస్తాయి) కనుక్కోవడమంటే పెద్ద మాత్రికకు కూడా ఇదే పద్ధతి, కంప్యూటర్ దాన్ని వేగంగా చేస్తుంది అనే నమ్మకంతో పిల్లలు బయటికి వస్తున్నారు. ప్రపంచంలో ఏ సాల్వరూ (ఈ లెక్కలు చేసే ప్రోగ్రామ్) ఆ పని చెయ్యదు.

ఎందుకు చెయ్యదో చెప్పడానికి క్లాసులో ఒక గంట చాలు. అయిదో ఘాతం దగ్గర్నుంచి మూలాలకు సాధారణ సూత్రం లేదని ఏబెల్ 1824లోనే తేల్చేశాడు. సూత్రం లేకపోతే పోనీ, ఏదో ఒక పద్ధతిలో వెతుక్కుందాం అంటే ఇంకో పెద్ద గొయ్యి ఉంది. ఇంగ్లండ్‌లో జేమ్స్ విల్కిన్‌సన్ 1 నుంచి 20 దాకా పూర్ణాంకాలే మూలాలుగా ఉండే ఇరవయ్యో ఘాతపు బహుపదిని తీసుకున్నాడు. అందులో ఎక్స్ పవర్ 19 గుణకం మైనస్ 210. ఆ గుణకాన్ని 2 పవర్ మైనస్ 23 అంత, అంటే ఒకటిని 84 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత, మార్చాడు. పది మూలాలు సంకీర్ణ సంఖ్యలైపోయాయి. 16, 17 ఉండాల్సిన చోట 16.73, దానికి అటూ ఇటూ 2.81 కాల్పనిక భాగం! ఇరవై మూలాలకే ఈ గతి. డిటర్మినెంట్ విప్పితే వచ్చేది సరిగ్గా ఇలాంటి బహుపదే.

ఇక నిజమైన పని సైజు చూడండి. పది లక్షల తెలియని రాశులున్న మోడల్ ఈరోజుల్లో మధ్యస్థం, పెద్దదేం కాదు. ఆ మాత్రికను అన్ని గళ్లూ నింపి దాస్తే 8 టెరాబైట్లు కావాలి. పాఠ్యపుస్తకాల్లో ఉండే పూర్తి మాత్రిక పద్ధతిలో ఐగెన్ విలువలన్నీ తీయాలంటే, సెకనుకు పదివేల కోట్ల గుణకారాలు చేసే యంత్రం మీద సుమారు ఐదు నెలలు పడుతుంది (నాలుగు బై మూడు ఎన్ క్యూబ్ అని వేసుకోండి, మీకే వస్తుంది). కానీ నా టేబుల్ కింద ఉన్న వర్క్‌స్టేషన్ అదే మోడల్‌కి మొదటి యాభై మోడ్‌లను నేను టీ తాగి వచ్చేసరికి తీసి పెడుతుంది. అయిదు నెలలకీ ఒక టీకీ మధ్య ఉన్న తేడా హార్డ్‌వేర్ వల్ల వచ్చింది కాదు. అదంతా గణితం. ఆ గణితం గురించి మీ సిలబస్‌లో ఒక్క ముక్క లేదు.

మొదటి సంగతి, ఆ మాత్రిక దాదాపు ఖాళీ. ఎనిమిది నోడ్‌ల ఘన ఎలిమెంట్లతో మెష్ చేస్తే ఒక్కో వరసలో ఎనభై చిల్లర అంకెలే ఉంటాయి, మిగతా లక్షల గళ్లూ సున్నాలు. రెండోది, మనకు అన్ని మోడ్‌లూ అక్కర్లేదు. కారు బాడీకి 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా కావాలి. మెష్‌లో ఉండే అతి పెద్ద ఫ్రీక్వెన్సీ లక్షల హెర్ట్జ్‌లో ఉంటుంది, దానికి భౌతికంగా అర్థమే లేదు.

ఇక్కడే లాంజోష్ కథ వస్తుంది. పిల్లలకు కథలా చెప్పండి, మర్చిపోరు. కొర్నేలియస్ లాంజోష్ హంగరీలో పుట్టినవాడు, బెర్లిన్‌లో కొన్నాళ్లు ఐన్‌స్టైన్‌కు సహాయకుడు. 1950లో లాస్ ఏంజెలెస్‌లో పనిచేస్తూ ఒక పద్ధతి ప్రచురించాడు. ఒక వెక్టర్ తీసుకుని మాత్రికతో మళ్లీ మళ్లీ గుణిస్తూ, వచ్చినదాన్ని పాతవాటికి లంబంగా చేసుకుంటూ పోతే, పెద్ద మాత్రిక సారం ఒక చిన్న మూడు వికర్ణాల మాత్రికలోకి దిగుతుంది. కాగితం మీద అద్భుతం. కంప్యూటర్ మీద పెడితే రౌండాఫ్ వల్ల వెక్టర్ల లంబత్వం చెడిపోయి, ఒకే ఐగెన్ విలువ పదే పదే దొంగ నకళ్లుగా రావడం మొదలైంది. జనం దాన్ని దాదాపు ఇరవై ఏళ్లు పక్కన పడేశారు. 1971లో లండన్ యూనివర్సిటీలో క్రిస్ పేజ్ తన థీసిస్‌లో ఆ లంబత్వం ఎప్పుడు చెడుతుందో పట్టుకున్నాడు: ఏదైనా ఒక ఐగెన్ విలువ కుదురుకుంటున్నప్పుడే, దాని దిశలోనే చెడుతుంది. అంటే చెడిపోవడమే జవాబు దొరుకుతోందన్న గుర్తు! ఆ తర్వాత దాన్ని సరిదిద్దుకోవడం ఎలాగో తెలిసిపోయింది. అదే కాలంలో బర్కిలీలో బాటే అనే ఆయన చెప్పిన సబ్‌స్పేస్ ఇటరేషన్ అనే పద్ధతి కూడా వచ్చి చాలాకాలం ఇంజినీర్లను ఆదుకుంది.

లాంజోష్ పద్ధతి అంచుల్లో ఉన్న విలువల్నే ముందు పట్టుకుంటుంది. మనకు అక్కర్లేని ఆ లక్షల హెర్ట్జ్‌లనే అన్నమాట. అందుకని తెలివిగా ఒక మెలిక వేశారు. మనకు కావాల్సిన ప్రాంతంలో సిగ్మా అనే ఒక షిఫ్ట్ ఎంచుకుని, కె మైనస్ సిగ్మా ఎం మాత్రికను తలకిందులు చేస్తారు. అప్పుడు లాంబ్డా అనే ప్రతి ఐగెన్ విలువ స్థానంలో, ఒకటిని (లాంబ్డా మైనస్ సిగ్మా)తో భాగిస్తే వచ్చేది వస్తుంది. షిఫ్ట్‌కి దగ్గరగా ఉన్న విలువలు కొండంత అవుతాయి, దూరంగా ఉన్నవి ఆవగింజలవుతాయి. లాంజోష్ వెళ్లి కొండల్నే పట్టుకుంటుంది. ఎరిక్‌సన్, రూహె అనే ఇద్దరు 1980లో దీన్ని పద్ధతిగా చెప్పారు. 1994లో గ్రైమ్స్, లూయిస్, సైమన్ బ్లాక్ లాంజోష్‌గా పకడ్బందీ చేసి రాశారు. ఈరోజు పిల్లలు మెనూలో నొక్కే "బ్లాక్ లాంజోష్" బటన్ వెనక ఉన్నది ఇదే.

తలకిందులు చేయడం అని నోటితో అన్నా, నిజంగా ఎవరూ విలోమ మాత్రిక తీయరు. ఎల్ (త్రిభుజ మాత్రిక), డి (వికర్ణ మాత్రిక), ఎల్ ట్రాన్స్‌పోజ్ అని విడగొట్టి ముందుకీ వెనక్కీ ప్రతిక్షేపిస్తారు. ఈ డి మీద మీ దృష్టి కాసేపు నిలపమని కోరుతున్నాను, ఎందుకంటే నేను అడగబోయే ఒక్క పేజీ అంతా దీని గురించే.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం. ఐగెన్ విలువల దగ్గర ఆ కిటుకు పనిచెయ్యదు. దొరికిన మోడ్ ఎంత కచ్చితంగా ఉందో చూడటం సులువే, మాత్రికలో పెట్టి గుణిస్తే తేలిపోతుంది. మధ్యలో ఒక మోడ్ తప్పిపోయిందా అనేది మాత్రం దొరికినవాటిని ఎంత చూసినా తెలియదు. 50 హెర్ట్జ్ దగ్గర తిరిగే టర్బైన్‌కి 49 దగ్గర ఒక మోడ్ ఉండి అది లిస్టులో లేకపోతే, మిగతా మోడ్‌లు ఎన్ని దశాంశాల దాకా సరిగ్గా ఉన్నా ఏం లాభం?

దీనికి జవాబు 1852లో సిల్వెస్టర్ చెప్పిన సూత్రంలో ఉంది. సిగ్మా షిఫ్ట్ దగ్గర మాత్రికను విడగొట్టినప్పుడు డి వికర్ణంలో ఎన్ని రుణ సంఖ్యలు వస్తే, సిగ్మా కింద సరిగ్గా అన్ని ఐగెన్ విలువలున్నాయి. మోడ్‌లు కనుక్కోకుండానే ఎన్ని ఉన్నాయో లెక్క తేలిపోతుంది! ఇంజినీర్లు దీన్ని స్టర్మ్ చెక్ అంటారు.

పరీక్షలో ఇవ్వదగ్గ లెక్క చూడండి. రెండు గోడల మధ్య మూడు సమాన బరువులు, నాలుగు సమాన స్ప్రింగులు. కె వికర్ణంలో 2, పక్కన మైనస్ 1. ఎం యూనిట్ మాత్రిక. సిగ్మా 1.5 అనుకుందాం. అప్పుడు వికర్ణం 0.5 అవుతుంది. మొదటి పివట్ (డి వికర్ణంలోని అంకె) 0.5. రెండోది 0.5 లోంచి 1 బై 0.5 తీసేస్తే మైనస్ 1.5. మూడోది 0.5 కి 1 బై 1.5 కలిపితే 1.17. రుణ సంఖ్య ఒకటే, కాబట్టి 1.5 కింద ఒకే ఐగెన్ విలువ. ఇప్పుడు సిగ్మా 2.5 తీసుకోండి. పివట్‌లు వరసగా మైనస్ 0.5, 1.5, మైనస్ 1.17. రెండు రుణ సంఖ్యలు. అంటే 1.5కీ 2.5కీ మధ్య సరిగ్గా ఒకటి ఉండాలి. అసలు విలువలు 0.586, 2, 3.414. సరిపోయింది కదా? సగం పేజీ కూడా పట్టలేదు, క్యాలిక్యులేటర్ కూడా దాదాపు అక్కర్లేదు. పది లక్షల సైజు మోడల్‌లోనూ సాల్వర్ తన పని సరిచూసుకునేది ఈ లెక్కతోనే. రెండు మెట్ల కడ్డీ బదులు ఇది ఇవ్వండి.

మోడ్‌లు ఎందుకు తప్పిపోతాయి అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. గుడి గంట ఉదాహరణ చెప్పండి. గంట కొట్టాక చివర్లో మోత సన్నబడుతూ "వోం... వోం..." అని ఊగుతుంది. గుండ్రటి వస్తువుకి ఒక్కో ఆకారంలో మోడ్‌లు జంటగా ఉంటాయి, రెండింటిదీ ఒకటే ఫ్రీక్వెన్సీ. పోత పోసేటప్పుడు వచ్చిన చిన్న తేడా వల్ల గంటలో ఆ జంట కాస్త విడిపోతుంది, ఆ తేడానే మనం ఊగిసలాటగా వింటాం. కంప్యూటర్ మోడల్ మరీ చక్కగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి జంట విడిపోదు. ఒకే వెక్టర్‌తో మొదలుపెట్టిన లాంజోష్, సిద్ధాంతం ప్రకారం, ఆ జంటలో ఒక్కదాన్నే చూడగలదు. పొగగొట్టం, షాఫ్ట్, ట్యాంకు, రాకెట్, అన్నీ గుండ్రటివే. బ్లాక్ లాంజోష్‌లో ఒకేసారి అనేక వెక్టర్లు తీసుకోవడానికి ఇదొక కారణం. శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్ ఎలా వంగి ఊగుతుందో దాని ఆటోపైలట్‌కి ముందే తెలిసుండాలి, లేకపోతే ఆ ఊపును దారి తప్పడం అనుకుని నాజిల్ తిప్పేస్తుంది. అక్కడ ఒక మోడ్ తప్పిపోవడం ఎంత ఖరీదో చెప్పక్కర్లేదు.

బక్లింగ్ సంగతి ఇంకా అన్యాయం. చాలా సిలబస్‌లలో అది ఫైనైట్ ఎలిమెంట్ పేపర్‌లో లేనే లేదు. బలాల శాస్త్రంలో ఆయిలర్ స్తంభం చెప్పి వదిలేస్తారు. ఉద్యోగంలో చేరిన వారానికే పిల్లలు ప్యానెల్ బక్లింగ్ రన్ వేస్తారు, లాంబ్డా (ఇక్కడ, పెట్టిన లోడుకి ఎన్ని రెట్ల దగ్గర బకిల్ అవుతుందో చెప్పే ఐగెన్ విలువ) మైనస్ 0.8 అని వస్తుంది, కంగారుపడి నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. రుణ విలువ అంటే లోడు తిరగేస్తే బకిల్ అవుతుందని మాత్రమే. పలచటి ప్యానెల్‌కి షియర్ పెడితే ప్లస్, మైనస్ జంటగా రావడం సహజం. లోడు వల్ల స్టిఫ్‌నెస్‌లో వచ్చే మార్పును చెప్పే జామెట్రిక్ స్టిఫ్‌నెస్ మాత్రికకు ఎం లాగా ధనాత్మకంగా ఉండే గుణం లేదు, అందుకే సాల్వర్లో బక్లింగ్‌కి వేరే రూపాంతరం వాడతారు. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇంకో సందేశం ఉంది. నాన్‌లీనియర్ రన్ మధ్యలో "సిస్టమ్ మాత్రికలో ఒక రుణ ఐగెన్ విలువ ఉంది" అని వార్నింగ్ వస్తుంది. అందరూ దాన్ని పట్టించుకోకుండా కిందికి స్క్రోల్ చేస్తారు. పైన చెప్పిన పివట్ లెక్కే అది. నిర్మాణం స్థిరత్వపు గీత దాటి అవతలికి వెళ్లి ఉండొచ్చని సాల్వర్ మొత్తుకుంటోంది.

అంతా సరిగ్గా లెక్కగట్టిన లాంబ్డా కూడా నమ్మదగింది కాకపోవచ్చు. నిలువుగా నొక్కే పలచటి సిలిండర్ గోడలో చిన్న సొట్ట ఉన్నా అది సిద్ధాంతం చెప్పిన లోడులో చిన్న భాగానికే కూలుతుందని కోయిటర్ 1945లో డెల్ఫ్ట్‌లో రాసిన థీసిస్‌తో అర్థమైంది. నాసా 1960ల్లో ఇచ్చిన డిజైన్ మార్గదర్శకంలోని సూత్రం ప్రకారం, వ్యాసార్థం మందానికి వెయ్యి రెట్లుంటే, సాల్వర్ చెప్పినదాంట్లో 22 శాతమే తీసుకోవాలి. మీ విద్యార్థి రిపోర్టులో లాంబ్డా 3 అని వస్తే మూడు రెట్లు భద్రం అనుకుంటాడు. 3 ని 0.22తో గుణించి చూడండి.

1978 జనవరి 18 తెల్లవారుజామున అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో ఒక పెద్ద స్టేడియం పైకప్పు మంచు బరువుకి కూలింది. కొన్ని గంటల ముందే సుమారు అయిదు వేల మంది అక్కడ బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూసి వెళ్లారు. ఎవరూ చనిపోలేదు, అదృష్టం. కడ్డీలు అల్లి కట్టిన ఆ పైకప్పును (స్పేస్ ఫ్రేమ్) కంప్యూటర్ మీదే డిజైన్ చేశారు. నొక్కుడు పడే పై కడ్డీలకు నడిమధ్య ఆసరా ఉందని లెక్కలో అనుకున్నారు. అంచు వరసల్లో ఆ ఆసరా సరిగ్గా లేదు. ఆసరా లేని పొడవు రెట్టింపైతే ఆయిలర్ లోడు (కడ్డీ బకిల్ అయ్యే లోడు) నాలుగో వంతుకి పడుతుంది. కట్టేటప్పుడే పైకప్పు లెక్క కన్నా రెండింతలు కుంగిందని కొలిచారు కూడా. కొలత చెప్పినదాన్ని పక్కనపెట్టి లెక్కనే నమ్మారు.

నేను చేరిన కొత్తలో ఒక మోడల్ రన్ రాత్రంతా నడిచేది. రన్ వేసే ముందు భయం ఉండేది. తప్పు పెడితే ఒక రోజు పోతుంది కాబట్టి ఇన్‌పుట్ ఫైలు రెండుసార్లు చదివేవాళ్లం. అయినా తప్పు చేశాను. న్యూటన్లు, మిల్లీమీటర్లు వాడుతూ ఉక్కు సాంద్రత 7.85 ఇంటూ 10 పవర్ మైనస్ 9 ఇవ్వాల్సిన చోట మైనస్ 6 ఇచ్చాను. బరువు వెయ్యి రెట్లు పెరిగింది, 38 హెర్ట్జ్ రావాల్సింది 1.2 వచ్చింది. మా సీనియర్ స్క్రీన్ వైపు కూడా చూడకుండా "మొత్తం బరువు ఎంతొచ్చింది బాబూ?" అన్నారు. అంతే, దొరికిపోయింది. ఇప్పుడు నాలుగు నిమిషాల్లో జవాబొస్తుంది. పిల్లలు రోజుకి పదిహేను రన్‌లు వేస్తారు, ఒక్కదాన్నీ అలా అడిగేవాళ్లు లేరు. సాల్వర్ వేగం మీద నాకు కోపం లేదు, అది లేకపోతే నా పనే లేదు. నెమ్మదిగా ఉన్న రోజుల్లో తనంతట తాను జరిగిన జాగ్రత్త ఇప్పుడు చదువులోంచి రావాలి, అంతే.

కార్ల శబ్దం, కంపనం చూసే టీముల్లో ఇంకో వేగం కూడా ఉంది. టెక్సస్‌లో బెన్నిఘాఫ్ బృందం తయారుచేసిన బహుళస్థాయి సబ్‌స్ట్రక్చరింగ్ పద్ధతి, పొట్టిగా ఏఎంఎల్ఎస్, మోడల్‌ను వేల ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకూ కొన్ని మోడ్‌లే ఉంచుకుంటుంది. కోటి రాశుల మోడల్‌కి వేల మోడ్‌లు కావాలంటే అదే దిక్కు. కాకపోతే ముక్కల మోడ్‌లు కత్తిరించారు కాబట్టి వచ్చే ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ మోడల్ అసలు విలువ కన్నా కాస్త పైనే ఉంటుంది, పై హద్దు దగ్గర ఆ తేడా పెరుగుతుంది. బీటెక్‌లో ఇదంతా అక్కర్లేదు. ఎంటెక్ వాళ్లకి ఒక గంట చెప్పండి చాలు.

ల్యాబ్‌కి డబ్బుల్లేవు అనే మాట రాకముందే చెప్తున్నాను, లైసెన్సు కొననక్కర్లేదు. కాల్క్యులిక్స్ అనే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని లోపల మోడ్‌లు తీసేది అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌ప్యాక్ అనే ఐగెన్ లైబ్రరీ. ఫ్రాన్స్ విద్యుత్ సంస్థ ఈడీఎఫ్ రాసుకున్న కోడ్ ఆస్టర్ ఉచితం. స్పెయిన్‌లోని వెలెన్సియా వాళ్ల ఐగెన్ లైబ్రరీ స్లెప్సీ ఉచితం. ఇవేవీ వద్దంటే పైథాన్‌లో సైపై ఉంది, దాంట్లోనూ ఆర్‌ప్యాకే, సిగ్మా ఇస్తే షిఫ్ట్ చేసి తలకిందులు చేస్తుంది. మన దేశంలోనే తిరువనంతపురంలోని ఇస్రో కేంద్రం వీఎస్‌ఎస్‌సీ వాళ్లు ఫీస్ట్ పేరుతో సొంత ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు (2009లో పొలిజ్జి చెప్పిన ఐగెన్ పద్ధతి పేరు కూడా ఫీస్టే, రెండూ వేరు). కాబట్టి ఇది మనవాళ్లకు అందని విద్య అనుకోవద్దు.

నేను కోరేది పెద్దదేం కాదు. డిటర్మినెంట్ విప్పే లెక్క ఒకటి తీసేసి స్టర్మ్ లెక్క పెట్టండి. షిఫ్ట్ చేసి తలకిందులు చేయడం, లాంజోష్ ఒక క్లాసులో చెప్పించండి. ల్యాబ్ రికార్డులో ప్రతి మోడల్ అనాలిసిస్ కింద మొత్తం బరువు, సున్నా మోడ్‌ల సంఖ్య, స్టర్మ్ లెక్క అని మూడు గళ్లు గీయించండి, అవి నింపకపోతే సంతకం పెట్టొద్దని లెక్చరర్లకు చెప్పండి. బక్లింగ్‌కి ఒక ప్రయోగం చేర్చండి. కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా ఖాళీది తీసుకుని నిలబెట్టి, పైన బరువులు పెడుతూ పొమ్మనండి. ఒకటి సొట్ట లేనిది, ఒకటి వేలితో కాస్త నొక్కినది. సాల్వర్ చెప్పిన లాంబ్డా, రెండు డబ్బాలు కూలిన బరువులు పక్కపక్కన రాయించండి.

నా దగ్గర కొన్ని చిన్న మోడల్ ఫైళ్లు ఉన్నాయి: ఏడు సున్నాల ఫ్రేము, సాంద్రత తప్పిన బ్రాకెట్, జంట మోడ్‌ల గొట్టం. కావాలనే తప్పులు పెట్టి తయారుచేసినవి. ఏ కాలేజీ అడిగినా ఇస్తాను. రెండో శనివారం, నాలుగో శనివారం నాకు సెలవు. హైదరాబాద్ నుంచి ఒక రాత్రి ప్రయాణంలో చేరుకోగలిగిన ఊరైతే నేనే వచ్చి ల్యాబ్‌లో కూర్చుంటాను, ప్రొజెక్టర్ పనిచేస్తే చాలు.

ఇట్లు,
మీ విద్యార్థుల రిపోర్టులు చదివే ఒక సిమ్యులేషన్ ఇంజినీర్,
హైదరాబాద్